రాయల్ పామ్‌లలో మా సంఘం నిధి

ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకి చక్రవడ్డీ చెప్పాను. రిటైరయ్యాక ఆ చదువు వృథా పోవడం ఇష్టం లేక, కడియం నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు సంఘం పెట్టుకుంటామంటే కోశాధికారిగా ఉంటానన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేనే కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నాను.

సంఘం ఎందుకో చెప్పాలి. వాళ్ళది రోజంతా మట్టి సంచులు మోసే పని, వంగి మొక్కలకి అంట్లు కట్టే పని. పెద్ద జబ్బు చేస్తే ఆపరేషన్ ప్రభుత్వ కార్డు మీద అయిపోతుంది. ఆ తర్వాత డాక్టరు మూడు నెలలు బరువు ఎత్తొద్దంటాడు. ఆ మూడు నెలల కూలి ఏ కార్డూ ఇవ్వదు. అందుకని నెలనెలా తలా కొంచెం వేసుకుని, మంచాన పడ్డ మనిషికి మూడు నెలలపాటు సగం కూలి ఇద్దామని వాళ్ళు అనుకున్నారు. దాన్ని నేను బైలాలో నాలుగో అంశంగా రాశాను. ఆలోచన వాళ్ళది, భాష నాది. రిజిస్ట్రేషన్ రోజున మాత్రం రెండూ నావే అన్నట్టు నడిచాను.

ఏడాది తిరిగేసరికి బ్యాంకులో చెప్పుకోదగ్గ మొత్తం చేరింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని నేను ప్రతిపాదించాను. సండే స్కూలు నల్లబల్ల తెప్పించి, సుద్దముక్కతో గంటసేపు వివరించాను. అంతా విని సంఘం ప్రెసిడెంటు ఒక ప్రశ్న అడిగింది. ఆవిడకి యాభై దాటాయి, అందులో ముప్పై ఏళ్ళు అంట్లు కట్టడంలోనే గడిచాయి.

"ఆ వడ్డీ నెలకాండి, ఏడాదికాండి?"

"ఏడాదికమ్మా."

ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని అంది, "రోడ్ల పక్కన అందానికి వేస్తారే, ఆ రాయల్ పామ్ మొక్కలు కొందామండి. రెండేళ్ళలో ఎనిమిది అడుగులు వస్తాది. అప్పుడు అమ్మేద్దాం. బ్యాంకులో పెరిగితే ఎవరు చూశారండి? ఇదైతే పొద్దున్నే కళ్ళకి కనపడతాది."

చేతులన్నీ లేచాయి. నా అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో ఒకటిన్నర పేజీ రాసుకున్నాను. అది ఇంతవరకూ ఎవరూ చదవలేదు. వాళ్ళలో చాలామంది పనిచేసే నర్సరీ ఆసామి తోటలో ఒక మూల ఇచ్చి, అద్దె సంగతి అమ్మినప్పుడు చూద్దామన్నాడు.

రెండు నెలలు నాకు కోపం తగ్గలేదు. ఆ తర్వాత ఒకరోజు ఊరికే టేపు తీసుకెళ్ళి కొలిచాను. మరుసటి నెల మళ్ళీ కొలిచాను. మొక్కలు బ్యాంకు వడ్డీని ఎప్పుడో దాటిపోయాయి. ఇంటికొచ్చి గ్రాఫు గీసి, చర్చి నోటీసు బోర్డు మీద కానుకల జాబితా పక్కన అంటించాను. వారం తర్వాత పాస్టరుగారు దాన్ని మర్యాదగా తీసి నాకిచ్చారు. అప్పటికే నాకు పామ్‌ల పిచ్చి పట్టేసింది. నెలనెలా వచ్చే చందా కూడా బ్యాంకులో ఉంచకుండా ఎప్పటికప్పుడు ఇంకో విడత మొక్కలు కొనిపిస్తూ వచ్చాను.

"కొంచెం బ్యాంకులో ఉంచండి మాస్టారండి" అంది ప్రెసిడెంటు.

ఊరికే పడి ఉన్న డబ్బు ఎలా అరిగిపోతుందో ఆవిడకి అరగంట చెప్పాను. అత్యవసర నిధి అనే మాట నాకు తెలియక కాదు. పెన్షనర్ల మీటింగులో దాని గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. లెక్కలు చూసే రాజమండ్రి ఆడిటరుగారు ఆ ఏడు, "మొక్కల్ని ఏ పద్దులో వేయమంటారండి?" అని ఫోన్ చేశారు. చరాస్తి కింద వేసేయండన్నాను.

రెండేళ్ళకి ఆవిడ చెప్పినట్టే ఎనిమిది అడుగులు వచ్చాయి. ఏదో లేఅవుట్‌కి కావాలని ఒక వ్యాపారి వచ్చాడు. మంచి ధరే చెప్పాడు. అమ్మేద్దామని ఆవిడ, ఆగుదామని నేను. అసలు వద్దన్నవాణ్ణి నేనే కాబట్టి ఇప్పుడు వాటి మీద నాకే ఎక్కువ ప్రేమ. "దీర్ఘకాలిక పెట్టుబడి అమ్మా, మధ్యలో కదపకూడదు" అన్నాను.

"ఆయ్, మీ ఇష్టమండి" అంది ఆవిడ.

మా వైపు ఈ మాటకి ఒప్పుకున్నామని అర్థం కాదు. అది నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా ఒప్పుకున్నట్టే రాసుకున్నాను.

ఇంకో నెలకి మళ్ళీ వచ్చింది. "ఉంచేటట్టయితే మొక్కల సంచులు మార్చాలండి. ఇవి చాలట్లేదు, వేర్లు దిగిపోతన్నాయండి." పెద్ద సంచులు, మట్టి, ఎరువు, మనుషుల కూలి, అన్నీ కలిపి ఎంతవుతుందో కూడా చెప్పింది. లాభం చేతికి రాకుండా ఖర్చేమిటని వాయిదా వేశాను. ఖర్చు అదుపులో ఉంచినందుకు వార్షిక నివేదికలో నన్ను నేనే అభినందించుకున్నాను.

మరుసటి వానాకాలం వెళ్ళాక ప్రెసిడెంటుకే కడుపునొప్పి వచ్చింది. రాజమండ్రిలో గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ కార్డు మీద అయింది. డాక్టరు మూడు నెలలు పనికి వెళ్ళొద్దన్నాడు. మొగుడు పోయిన మనిషి, ఆవిడ కూలి తప్ప ఇంట్లో ఇంకో ఆదాయం లేదు. బైలాలో నాలుగో అంశం కింద మొదటి మనిషి ఆవిడే. పాస్‌బుక్ తీసి చూస్తే ఆవిడకి రెండు వారాలు ఇవ్వడానికి సరిపోయేంత ఉంది. మిగతా అంతా తోట మూల పన్నెండు అడుగుల ఎత్తున నిలబడి ఉంది.

ఆ రెండు వారాలదీ ఇచ్చేసి, పాత వ్యాపారికి ఫోన్ చేశాను. పాపం వచ్చాడు. సంఘం వాళ్ళు నలుగురైదుగురు చుట్టూ నిలబడ్డారు. అతను ఒక పామ్ మొదలు పట్టుకుని ఊపాడు. కదల్లేదు. సంచి అడుగున వేలు పెట్టి చూపించాడు. వేర్లు సంచి చీల్చుకుని నేలలోకి దిగిపోయాయి. మన చరాస్తి కదిలే స్థితిలో లేదు.

"ఇప్పుడు పీకితే చచ్చిపోతాయండి. వేర్లు కోసి, పెద్ద సంచుల్లోకి మార్చి, ఆరు నెలలు నీడలో తేరుకోనివ్వాలి. అప్పుడు పోయినసారి కన్నా మంచి ధరకి నేనే తీసుకుంటాను. నిరుడే సంచి మార్చి ఉంటే ఇవాళే లారీ ఎక్కించేవాణ్ణండి."

అంటే పెట్టుబడి బ్రహ్మాండంగా ఉంది. ఆరు నెలలు ఆగితే చాలు. ఆపరేషన్ అయిన మనిషికి కావలసింది మూడు నెలలు.

నన్ను ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండేది. ఎవరూ అనలేదు. మా వైపు మనిషి తప్పు చేస్తే అండీలు ఎక్కువవుతాయి. "పర్లేదండి, చూద్దామండి, మీరు ఎండలో నిలబడకండి మాస్టారండి" అన్నారు. ఇంటికొచ్చాక నా భార్య అన్నం పెడుతూ అడిగింది.

"మన డబ్బు ఎక్కడుందండి?"

"బ్యాంకులో. ఫిక్స్‌డ్‌లో."

"పామ్‌లలో పెట్టలేదేం?"

జవాబు కోసం ఆగకుండా మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

వారం పోయాక నా డిపాజిట్ ఒకటి గడువుకి ముందే తీసేశాను. మిగిలిన పది వారాల సగం కూలి కవరులో పెట్టుకుని ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. తోటకి వెళ్ళిందని పక్కింటావిడ చెప్పింది. ఆపరేషన్ అయి అది ఇరవై మూడో రోజు.

ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, రెండో చేత్తో రబ్బరు పైపు పట్టుకుని మా పామ్‌ల వరసలో నీళ్ళు పెడుతోంది. ఆ వరస అయ్యాక తోటంతా తడిపితే గానీ రోజు కూలి పడదు.

"సంఘం డబ్బమ్మా, తీసుకో" అని కవరు చాపాను.

"మొక్కలు అమ్మేశారాండి?"

"కొన్ని."

ఆవిడ వరస చివరిదాకా చూసింది. "రెండొందల పద్నాలుగూ ఉన్నాయి కదండీ. మూడు రోజుల నుంచి నేనే నీళ్ళు పెడతన్నాను."

కవరు అలాగే చాపి నిలబడ్డాను.

"మీ డబ్బయితే వద్దండి. ఒకళ్ళ దగ్గర చెయ్యి చాపేదానికైతే సంఘం ఎందుకండి పెట్టుకున్నాం?" అంది. కోపంగా అనలేదు. నీళ్ళ పైపుని పక్క మొక్కకి మార్చింది. ఆ వంగడంలో కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఊపిరి తీసుకుని అంది, "నా బదులు పని చేసేవాళ్ళుంటే చెప్పండి. బదులు చేస్తే తప్పు లేదు. ఆ కూలి నా పేరున పడతాది. నాకు బాగయ్యాక మళ్ళీ వాళ్ళకి చేసి తీర్చేస్తాను."

కవరు జేబులో పెట్టుకున్నాను. పంచె ఎగగట్టి పైపు అందుకున్నాను. ఆసామి దూరంనుంచి కాసేపు చూసి వచ్చి, నా పనికి సగం కూలి కన్నా ఎక్కువ ఇవ్వలేనని చెప్పాడు. నేను సరేనన్నాను. బైలాలో రాసింది కూడా అంతే.

"ఆకుల మీద కాదండి మాస్టారండి, మొదట్లో పెట్టండి" అంది ఆవిడ. పక్కనున్న మట్టి గుట్ట మీద గోనెసంచి పరుచుకుని, పొట్ట పట్టుకుని, మెల్లిగా కూర్చుంది.