షాహీన్ ఆపా తిప్పిన గాజు

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది.

షాహీన్ ఆపా పోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఫోన్ చేసింది వాళ్లమ్మాయి నస్రీన్. "అందరికన్న ముందు మీకే చెప్తున్న ఆంటీ" అంది.

ముందు నాకే ఎందుకు?

నిజం చెప్తున్నాను, ఏడుపు కంటే ముందు నాకు అనుమానమే వచ్చింది.

ఆపా నాకు అమీర్‌పేట్‌లో పరిచయం. సందుకో జావా కోర్సు బోర్డు వేలాడే రోజులవి. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆవిడ ఎంఎస్ ఆఫీస్ నేర్పేవారు. అందరం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. నేను గుడివాడ నుంచి కొత్తగా వచ్చి ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునేదాన్ని.

ఒక నెల ల్యాబ్‌లో కంప్యూటర్ల ర్యామ్‌లు మాయమవడం మొదలైంది. స్టాఫ్ అందరం ఒకర్నొకరం అదోలా చూసుకుంటున్నాం.

ఆ నెలలోనే ఆపా రోజూ లంచ్ టైంలో స్టోర్ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకోవడం గమనించాను. తలుపు కింద సందులో వెలుతురు అటూ ఇటూ కదిలేది. సన్నగా ఏదో గరగరమనేది. పాత సీపీయూలన్నీ ఆ గదిలోనే ఉండేవి. టార్చ్ వేసుకుని విప్పుతున్నారని నేనే తేల్చేసుకున్నాను.

నాలుగు రోజులు చూసి డైరెక్టర్ గారికి చెప్పాను. నా పేరు బయటికి రానివ్వొద్దని కూడా చెప్పాను.

ఆయన వెళ్లి తలుపు ఒక్క తోపు తోశారు. వెనకాల నేను.

లోపల స్టూల్ మీద టైల్ ముక్క. దాని మీద స్టీలు గ్లాసు, రెండు నిమ్మకాయలు. వాటి పక్కన ఒక ఎర్ర చేతిగాజు గరగరమంటూ గిర్రున తిరుగుతోంది. ఆపా చేతిలో టార్చ్. ఎదురుగా స్టాండ్ మీద పాత ఫిల్మ్ కెమెరా.

తర్వాత ఆపానే చెప్పారు నాకు. చీకట్లో కెమెరా షట్టర్ తెరిచి పెట్టి, టార్చ్ వెలుగును వస్తువుల మీద మెల్లగా తిప్పాలట. వెలుగు ఎక్కడ తాకితే అదే ఫొటోలోకి వస్తుందట. నిమ్మకాయలు అలాగే ఉంటాయి. తిరిగే గాజు మాత్రం ఎర్రటి పొగబంతిలా వస్తుంది.

ఆ రోజు అవేవీ ఎవరూ అడగలేదు. డైరెక్టర్ గారు అందరి ముందూ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ టేబుల్ మీద బోర్లించారు. టిఫిన్ డబ్బా, ఫిల్మ్ రోల్స్, పేపర్లో చుట్టిన గాజులు. అంతే.

ఆపా ఒక్క మాటే అన్నారు.

"జర ఆగితే అయిపోతుండె సార్. రీల్‌ల గదే ఆఖరి ఫొటో."

ర్యామ్‌లు పట్టుకుపోయింది రిపేర్‌కి వచ్చే మనిషని కొన్నాళ్లకు బయటపడింది. ఆపాకు ఎవరూ సారీ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు.

నెల తిరక్కుండా ఆవిడ మానేశారు. పంజాగుట్టలో ఒక స్టూడియోలో చేరి షాపుల కేటలాగ్‌లకు ఫొటోలు తీశారు. నన్ను వదల్లేదు. తరచూ రమ్మని పిలిచేవారు.

ఒకసారి లైట్లార్పి నన్ను గాజు తిప్పమన్నారు. మూడుసార్లు తిప్పితే మూడుసార్లూ పడిపోయింది.

"నీ చెయ్యి వణుకుతుంది పద్మా. ఫికర్ చెయ్యకు, ఇంకోసారి తిప్పు" అన్నారు.

మామూలుగా అన్నారా? తెలిసే అన్నారా?

ఇన్నేళ్లూ అదే అనుమానం. రంజాన్‌కి హలీం పంపినా, మా పాప ఫొటో ఫ్రేమ్ కట్టించి ఇచ్చినా, దాని వెనక ఇంకేదో ఉందనే అనుకునేదాన్ని. అంత మంచితనం నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు.

నిన్న బోరబండలో ఆపా ఇంటి దగ్గర జనం పలచబడ్డాక నస్రీన్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పేశాను.

ఆ పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"అమ్మీకి ఎరుకే ఆంటీ. గా సార్ గప్పుడే మీ పేరు చెప్పిండంట."

మరి నన్ను ఎందుకు అడగలేదన్నాను.

"నేను సుత గదే అడిగిన. పద్మనే చెప్తది, చెప్పిననాడు వింటా అన్నది."

ఎన్ని చాయ్‌లు తాగాం ఎదురెదురుగా కూర్చుని. ఏ ఒక్క రోజూ నాకు నోరు రాలేదు.

ఆపా, మీ మీద చెప్పింది నేనే. తప్పు చేశాను.

ఇక పడుకోండి. మీరున్న చోట మీకు నిమ్మళంగా ఉండాలి.