మా చెల్లెలు తలుపు తియ్యలేదు

మా వంశంలో అయిదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేను. పదో తరగతి దాటిన మొదటిది మా చెల్లెలు. నాది పల్లెటూరి బడి, వానాకాలం చదువు. అయినా ఇరవయ్యో ఎక్కం దాకా ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతాను. వృత్తికి వడ్రంగిని. నేను బిగించిన తలుపు ఇంతవరకు కుంగింది లేదు, కిర్రుమన్నది లేదు. ఈ మాట నేను చెప్పడం కాదు, ఆ తలుపులే చెబుతాయి. అంటే, ఏమీ చెప్పవు. చెల్లెల్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని హైస్కూలుకు దింపింది నేనే. దారిలో లెక్కలు అడిగిందీ నేనే. కాబట్టి ఆవిడ సాధించినదాంట్లో కొంత వాటా నాకు రావాలి. ఎంత రావాలో ఇది చదివాక మీరే తేల్చండి.

చెల్లెలి ఉద్యోగం టీకా మందుల గోదాములో. పసిపిల్లలకు వేసే టీకాలన్నీ ముందు అక్కడికి వచ్చి, తర్వాత చుట్టుపక్కల ఆస్పత్రులకు వెళతాయి. గోదాములో ఒక చల్లగది ఉంటుంది. గదంటే నిజంగా గదే, లోపల మనిషి నిలబడి తిరగొచ్చు. అందులో రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. వేడెక్కితే మందు చచ్చిపోతుంది. మరీ చల్లబడితే కొన్ని మందులు గడ్డకట్టి అవీ పోతాయి. చూడ్డానికి మాత్రం చచ్చిన మందూ బతికిన మందూ ఒకేలా ఉంటాయి. చిక్కంతా అక్కడే. పాలు విరిగితే కంటికి కనబడుతుంది. టీకా పాడైతే పిల్లకు జబ్బు చేశాకే తెలుస్తుంది.

ఆ గది బాధ్యత చెల్లెలిది. ఆవిడ పనేమిటని ఎవరైనా అడిగితే "తలుపు తియ్యకపోవడం" అని చెబుతాను. అదీ ఒక పనేనా అని నవ్వినవాళ్లున్నారు. మీరెప్పుడైనా చేసి చూశారా అని అడుగుతాను. చల్లగా ఉండాల్సిన గది ఎదురుగా ఉంటే, చల్లగానే ఉందా అని మనిషికి చూడబుద్ధేస్తుంది. చూడ్డానికి తలుపు తీస్తాడు. తీయగానే లోపలి చల్లదనం కాళ్ల కిందినుంచి జారిపోతుంది. ఆఖరికి ఆయన తెలుసుకునేది ఏమిటంటే, తను తీయకముందు గది చల్లగా ఉండేదని.

ఇంట్లోనూ అంతే. ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఏం తిందామా అని నిలబడ్డ పిల్లలతో, "ఆలోచన బయట చేసుకోండి, చెయ్యి ఒక్కటే లోపల పెట్టండి" అంటుంది. మందు తీసుకెళ్లే బండి వస్తే వెంటనే డబ్బాలు ఎక్కించనివ్వదు. ముందు బండిలోకి ఎక్కి గోడల మీద చెయ్యి వేసి చూస్తుంది.

"ఏంటక్కా, బండికి కూడా జ్వరం చూస్తావా?" అన్నాడు ఒక డ్రైవరు.

"చూస్తా. ఉంది. తలుపులు మూసి, మిషన్ వేసి, చల్లబడ్డాక రా."

"ఎక్కించాక చల్లబడుతుందిలే అక్కా."

"బండి చల్లబడుతుంది. ఈలోపు మందు వేడెక్కుతుంది. నీ బండి బాగు కోసం నా మందు ఎందుకు పోవాలి?"

ఆ డ్రైవరు గొణుక్కుంటూ వెళ్లి, బండి చల్లబరుచుకునే వచ్చాడు. ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే చల్లబరిచి తెస్తారు. ఇదీ మా ఇంటి ఘనతే.

ఇంత పట్టుదలకు కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి సరుకు దారిలోనే పాడై వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు. కానీ మర్నాడు ఆస్పత్రి వరండాలో పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్న తల్లులకు "వచ్చే నెల రండి" అని చెప్పాల్సి వచ్చింది. చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే తనే వెళ్లి నిలబడి చెప్పింది. రెండు బస్సులు మారి వచ్చిన ఒకామె కోప్పడలేదట, తిట్టలేదట. "అలాగేనమ్మా" అని బిడ్డకు టోపీ తొడిగి వెళ్లిపోయిందట. తిట్టి ఉంటే బాగుండేదని చెల్లెలు ఇప్పటికీ అంటుంది.

ఇక మా బావ, అంటే చెల్లెలి మొగుడు, అదే గోదాములో డబ్బాలు దించి సర్దే పని చేస్తాడు. ఆ పనికి ఆయన పేరు చెప్పింది నేనే. గోదామంతా ఆయన్ని గాభరా అంటుంది. బస్సు ఆగకముందే దిగుతాడు, పిలవకముందే పలుకుతాడు, సినిమా అవకముందే చెప్పులు వెతుక్కుంటాడు. మనిషి మంచివాడు. కుదురొక్కటే లేదు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. పొద్దున పెద్ద బండిలో సరుకు దిగింది. మర్నాడు ఉదయం చిన్న బళ్లు వచ్చి ఊరూరికీ పట్టుకెళ్లాలి. గది నిండుగా ఉంది. ఇది పోతే మళ్లీ సరుకు వచ్చేది నెల తర్వాతే. నేను విరిగిన చెక్క అరలు బాగుచెయ్యడానికి అక్కడికి వెళ్లాను. బావ ఉన్నికోటు వేసుకుని చల్లగదిలో డబ్బాలు సర్దుతున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది.

కరెంటు పోతే జనరేటరు దానంతటదే మొదలవ్వాలి. మొదలైంది కూడా. ఒక మూలుగు మూలిగి, లోపల టప్పుమని ఏదో తెగి, ఊరుకుంది. గోదాము మెకానిక్కు వంగి చూసి, "బెల్టు తెగింది. బజారుకెళ్లి తెస్తాను" అన్నాడు.

"ఎంతసేపు పడుతుంది?" అంది చెల్లెలు.

"దొరికితే వెంటనే."

"దొరక్కపోతే?"

"వెతికినంతసేపు."

చెల్లెలు కుర్చీ తెచ్చుకుని చల్లగది తలుపుకు ఆనించి కూర్చుంది. తలుపు పక్కన గోడకు ఒక మీటరు ఉంటుంది. లోపల ఎంత చల్లగా ఉందో బయటికే చూపిస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు. ముల్లు అప్పటికి నాలుగు మీద ఉంది. అంతలో లోపలినుంచి దబదబా బాదుడు.

"ఏమే! చీకటైపోయింది!"

"కరెంటు పోయిందండీ."

"అది కనబడుతూనే ఉంది. తలుపు తియ్యి."

"తియ్యను."

లోపలినుంచి ఇంకో రెండు బాదుళ్లు.

"తియ్యవా? నేను నీ మొగుణ్ణే!"

"నాకు తెలుసు. మందుకు తెలియదు."

"లోపలివైపు పిడి నా చేతిలోనే ఉంది. నేనే తీసుకుంటాను."

అది నిజం. మనిషి ఇరుక్కుపోకుండా ఆ తలుపు లోపలినుంచి ఎప్పుడైనా తెరుచుకుంటుంది. చెల్లెలు గొంతు పెంచలేదు. "మీ ఇష్టం. తీస్తే మాత్రం, రేపు ఆస్పత్రి వరండాలో మీరే నిలబడి చెప్పాలి" అంది.

పిడి మీదనుంచి చెయ్యి తీసిన చప్పుడు నాకు వినబడింది.

"సరే ఏం చెయ్యమంటావు?" అన్నాడు లోపలినుంచి.

"ఫోన్ లైటు వేసుకోండి. తలుపు దగ్గరున్న డబ్బాలన్నీ మధ్యలోకి జరపండి. ఉత్తినే కూర్చుంటే మీకూ తోచదు."

బావ జరపడం మొదలుపెట్టాడు. ఆయన తీరు తెలిసిందే కదా, గది గదంతా దడదడలాడింది. ముల్లు అయిదు దాటింది. గోదాము ఆఫీసరుగారు వచ్చి మీటరు ముందు నిలబడ్డారు. నెమ్మదైన మనిషి, లెక్కలు తెలిసినవాడు.

"లోపల ఆ చప్పుడేమిటమ్మా?" అన్నారు.

"మా ఆయన సార్. డబ్బాలు జరుపుతున్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కూర్చున్న మనిషి ఒంటినుంచి పెద్ద బల్బంత వేడి వస్తుంది. బరువులు మోసేవాడైతే మూడు నాలుగు బల్బులు."

గది గురించి చెల్లెలు ఆలోచించనిది అదొక్కటే. గబుక్కున లేచి తలుపు దగ్గర నోరు పెట్టింది.

"ఏవండీ, ఆపండి! కదలకండి!"

"ఇప్పుడేమైంది?"

"ఏమీ లేదు. కూర్చోండి."

మెకానిక్కుకు ఫోన్ చేశాం. మొదటి దుకాణంలో బెల్టు లేదట, ఇంకో వీధికి వెళుతున్నాడట. ముల్లు ఆరు దాటింది. బావను లోపల ఉంచితే వేడి, బయటికి తెస్తే తలుపు తియ్యాలి. ఆఫీసరుగారు తల గీరుకున్నారు. చెల్లెలు నా వంక చూసింది.

నా వాటా ఇక్కడ మొదలవుతుంది. బళ్లలో డబ్బాల మీద కప్పే మందపాటి దుప్పట్లు అక్కడ గుట్టగా ఉన్నాయి. విరిగిన అరల చెక్కలు నా చేతిలోనే ఉన్నాయి. తలుపు చుట్టూ ఒక చట్రం, దానికి మూరెడు దూరంలో ఇంకో చట్రం నిలబెట్టి, రెండింటికీ పైనుంచి కింది దాకా దుప్పట్లు కొట్టేశాను. పైనా పక్కలా కూడా మూసేశాను. తలుపు తీసినా చల్లదనం ఆ మూరెడు చోటు దాటి పోదు. అంత వేగంగా నేనెప్పుడూ పనిచెయ్యలేదు, అంత అందవికారంగానూ చెయ్యలేదు. కానీ నిలబడింది.

"ఏవండీ, బయటికి వచ్చెయ్యండి" అంది చెల్లెలు.

"రాను."

"ఏంటీ?"

"రాను. ఇక్కడ హాయిగా ఉంది. బయట ఎండలో నాకేం పని?"

"ఉండమంటే ఉండరు, రమ్మంటే రారు! మీతో ఎలా వేగేదండీ?"

"ఉండమన్నావు, ఉన్నాను. పెళ్లయ్యాక నీ మాట విన్నది ఈ ఒక్కసారే. అదీ తప్పేనా?"

ఇక నేను కల్పించుకోక తప్పలేదు. "బావా, నువ్వు బల్బువయ్యావు" అన్నాను.

"ఏమయ్యాను?"

"బల్బువి. వెలుగు లేదు, వేడి ఉంది. నువ్వున్నంతసేపూ గది వేడెక్కుతూనే ఉంటుందట."

బావ చిన్న గొంతుతో అడిగాడు, "ఎంతుంది ముల్లు?"

"ఆరున్నర."

"వస్తున్నా."

"ఉరకకండి. విసురుగా తోస్తే తలుపు వేడిగాలిని లోపలికి లాగుతుంది. సందు చేసుకుని పక్కవాటంగా రండి" అంది చెల్లెలు.

పుట్టి బుద్ధెరిగాక తొందర తప్ప ఎరగని ఆ మనిషి, అప్పుడే నిద్రపోయిన బిడ్డ పక్కనుంచి లేచే తల్లిలా వచ్చాడు. తలుపు ఒళ్లు దూరేంత మాత్రమే తెరిచి, భుజం, కడుపు, ఆఖరున కాలు బయటికి తెచ్చుకుని, వెనక్కి తిరిగి మెల్లగా నొక్కి మూశాడు. దుప్పట్ల మధ్య కాసేపు నిలబడి, రెండో దుప్పటి తప్పించుకుని బయటపడ్డాడు. దుప్పటి అంచు సందులోంచి నేను చూసిన ఆ రావడానికి టిక్కెట్టు పెట్టినా కొనేవాణ్ణి.

ముల్లు ఏడు చూపించింది. బావ కోటు విప్పడం కూడా మరిచిపోయి, చెల్లెలి కుర్చీ వెనక చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ముల్లు ఏడుకూ ఎనిమిదికీ మధ్యకు వచ్చింది. చెల్లెలు కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటోంది, విప్పుతోంది.

మెకానిక్కు రెండు బెల్టులు భుజాన వేసుకుని వచ్చాడు. "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ పట్టకపోతే నన్నడక్కండి" అన్నాడు. పెద్దది వదులైంది. చిన్నది లాగి లాగి ఎక్కించాడు. జనరేటరు దగ్గి, ఉమ్మి, అందుకుంది. ముల్లు అక్కడే మొండికేసి చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత వెంట్రుకవాసి వెనక్కి జరిగింది.

అప్పుడు చెల్లెలు కుర్చీలో వెనక్కి వాలింది. కళ్లు తుడుచుకుందని బావ అంటాడు. చెమట అని ఆవిడ అంటుంది. నేను మెకానిక్కుకు దీపం పట్టుకుని ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పలేను.

ఆఫీసరుగారు చేతులు రుద్దుకుంటూ, "ఒక్కసారి లోపల ఎలా ఉందో చూద్దామా?" అన్నారు.

"చూద్దాం సార్. రేప్పొద్దున" అంది.

బావ జేబులు తడుముకున్నాడు. "ఏమే, నా ఫోన్ డబ్బాల మీద మరిచిపోయాను."

"ఉండనీండి."

"మా అమ్మ చేస్తుంది! ఎత్తకపోతే కంగారుపడుతుంది!"

అన్నట్టుగానే గోడ అవతల సన్నగా మోగింది. ఆగి, మళ్లీ మోగింది. మేం నలుగురం తలుపు వంక చూస్తూ నిలబడ్డాం. చెల్లెలు తన ఫోన్ తీసి, "అత్తయ్యా, ఆయన బాగానే ఉన్నారు. చల్లగా ఉన్నారు" అని చెప్పి పెట్టేసింది.

మర్నాడు పొద్దున బళ్లు వచ్చాయి. అన్నీ చల్లబరుచుకునే వచ్చాయి. ముల్లు నాలుగు మీద ఉండగా ఆవిడ తలుపు తీసింది. ఒక్క డబ్బా కూడా పారబొయ్యలేదు, ఏ వరండాలోనూ ఎవరికీ వచ్చే నెల రమ్మని చెప్పాల్సిన పని పడలేదు. ఆఖరి బండికి డబ్బాలు ఎక్కించాక చెల్లెలు ఫోన్ తెచ్చి మా బావ చేతిలో పెట్టింది. నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా ఉన్నా అదీ పాడవలేదు.