మూడు గొంగళ్ల మీద కట్టెలు

మొన్న ఆదివారం పొద్దున మా గొర్రెల కాపరుల సంఘం ఫోను గ్రూపులో ఓటింగు ఒకటి వచ్చింది. చాలా ఏళ్ల కిందట సంఘం వెలి పెట్టిన మా వదిన, అంటే మా ఆయన అక్క, హుజూర్‌నగర్ వైపు కూలి పనులు చేసి చేసి మోకాళ్లు అరిగి తిరిగొచ్చింది. నాలుగు మేకలను గుట్ట మీద మేపుకోనివ్వమని అడిగింది. దాని మీద ఓటు. ఎంచుకోవడానికి మూడు మాటలు పెట్టారు: రానివ్వాలి, జరిమానా కట్టించుకుని రానివ్వాలి, వద్దు. ఆ మూడింటినీ నేను ఇదివరకే చూశాను. అప్పుడవి నేల మీద పరిచిన మూడు గొంగళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. మీలో మందల వెంట తిరిగినవాళ్లుంటే జ్ఞాపకం చేసుకోండి, అప్పటికింకా గుట్టల చుట్టూ ప్లాట్ల హద్దురాళ్లు, కడీలు పాతలేదు, సాయంత్రం మందలు దిగివస్తుంటే ఎర్రటి దుమ్ము లేచి, ఉన్ని వాసనా పాల వాసనా కలిసి ఇంటింటికీ వచ్చేవి. నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని. పెరుగు అమ్మడానికి తిరుమలగిరి పోయినప్పుడల్లా, కుండ ఖాళీ అయ్యాక గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. అక్కడ అర్థశాస్త్రం పుస్తకాలను ఎవరూ ముట్టేవాళ్లు కాదు కాబట్టి అవి నావే అయ్యాయి. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే సంతలో ఏమవుతుందో, ముగ్గురు పోటీలో ఉంటే ఎక్కువమంది వద్దనుకున్నవాడే ఎట్లా గెలుస్తాడో, అన్నీ చదివాను. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు ముద్ద దిగేది కాదు. మా ఆయన ఊకొడుతూ వినేవాడు.

వదిన భర్త పోయాక ఆయన కట్టె పట్టుకుని తానే మంద వెంట పోయేది. ఆ ఏడు ఇంకొన్ని గొర్రెలు కొందామని వారపు అంగడికి పోయి, ఒక దళారి దగ్గర చిన్న గుంపును బేరమాడి తోలుకొచ్చింది. చవకగా దొరికాయని ఎంత సంబరపడిందో. వాటి ఎడమ చెవుల కొసలు తెగి పచ్చి గాయాలుగా ఉంటే, కంచె ముళ్లు గీరుకున్నాయనుకుని, ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి లాక్కుని పసుపు అద్దింది. దళారి వాటి ముక్కులు తుడిచి, ఉప్పునీళ్లు తాగించి, పొట్టలు నిండుగా కనిపించేట్టు నిలబెట్టిన సంగతి ఆమెకు తెలియదు. వారం తిరగకముందే పారుడు రోగం బయటపడింది. ముక్కులు కారుతూ, నీళ్లలా పారుతూ, ఒకే తొట్టిలో నీళ్లు తాగే మందలన్నిటికీ అంటుకుంది. ఊరవతల ఒక గుంత పూడ్చేలోపు ఇంకొకటి తవ్వాల్సి వచ్చేది. మా గొర్రెలు కూడా సగం పోయాయి.

సంఘం కూర్చుంది. సంఘం పెద్ద మా ఆయనకు పెదనాన్న కొడుకు, నాకు బావ వరస. సభ్యుల్లో మూడు మాటలు వచ్చాయి. తెలియక చేసింది, మాఫీ చేద్దామన్నారు కొందరు. జరిమానా వేసి నష్టపోయినవాళ్లకు పంచుదామన్నారు ఇంకొందరు. గుట్ట మేతకూ తొట్టి నీళ్లకూ ఇక రానివ్వొద్దు, వెలి పెట్టాల్సిందేనని బావ వెనక ఉన్నవాళ్లు పట్టుబట్టారు. మాఫీ అన్నవాళ్లకూ జరిమానా అన్నవాళ్లకూ వెలి ఇష్టం లేదు. అయినా వాళ్లు బావను వదిలేసి ఒకరితో ఒకరు కొట్లాడుకున్నారు. బావ కాసేపు చూసి, మూడు గొంగళ్లు పరిపించి, ఇంటికొక ఓటు, ఎవరి కట్టె వాళ్లు నచ్చిన గొంగడి మీద పెట్టండి, ఎక్కువ కట్టెలు పడిందే తీర్పు అన్నాడు.

ఇంటి ఓటు మగవాడిది. మగదిక్కు లేని ఇంట్లోనే అది ఆడదానికి దక్కేది. నేను గోడ వారన నిలబడి మా ఆయన చెవిలో చెప్పాను, ముందు వెలి పెట్టాలా వద్దా అన్నది ఒక్కటే అడగమనండి, అది తేలాక మాఫీయా జరిమానాయా చూసుకోవచ్చునని. ఆయన లేచి ఆ మాటే అన్నాడు.

“ఎవలు చెప్పిండ్రురా తమ్మీ, నీ పెండ్లామా?” అన్నాడు బావ. “లైబ్రరీల కూసోని వచ్చి మనకు ఓట్లు నేర్పుతాంది. రేపు గొర్లను గూడ బుక్కు చూసుకుంట కాయమంటది, జర పైలం!”

అందరూ నవ్వారు. వదిన మీద జాలిపడినవాళ్లు కూడా నవ్వారు. మా ఆయన కూర్చున్నాడు.

బావ మొదటి కట్టెను వెలి గొంగడి మీద వేశాడు. ఆయన కట్టె ఎటు పడుతుందా అని చూస్తున్నవాళ్లు లేచి అటే పోయారు. గొర్రెలు పోగొట్టుకున్నవాళ్లలో కొందరు, జరిమానా వస్తే అది తమకే పంచుతారని తెలిసీ, ఆ పైసలు వదులుకుని మరీ ఆమె పోవడాన్నే కోరుకున్నారు. మనిషి తన నష్టం పూడడం కంటే ఇంకొకరి నష్టం చూడడానికే ఎక్కువ ఖర్చు పెడతాడని పుస్తకంలో చదివినప్పుడు నేను నమ్మలేదు.

చివరికి వదిన లేచింది. నేను కళ్లతో మాఫీ గొంగడి చూపించాను. ఆమె నా పక్కన ఆగి, “తప్పు చేసినదాన్ని, ఉత్తగ మాఫీ చేయుండ్రని ఏ మొఖంతోని అడగాలె పిల్లా?” అని, పోయిన భర్త కట్టెను జరిమానా గొంగడి మీద పెట్టింది.

వెలి గొంగడి మీద, మాఫీ మీదికంటే ఒక్క కట్టె ఎక్కువ తేలింది. సగానికి పైగా మనుషులు వద్దన్నదే తీర్పయింది. “నిన్ను నువ్వే వెళ్లగొట్టుకుంటివి గదనే!” అని ఎవరో అంటే మళ్లీ నవ్వులు. ఆమె కట్టె మాఫీ మీద పడ్డా రెండూ సమానమై, సమానం వచ్చినప్పుడు తేల్చేది బావేనన్న లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆమె అమ్ముకోక తప్పదని ఊరికంతా తెలుసు, దళారికీ తెలుసు. మిగిలిన గొర్రెలకు వాడు పలికిన ధర విని వదిన బేరం కూడా ఆడలేదు.

మరుసటి ఎండాకాలం అదే దళారి టీ తాగుతూ మా ఆయనకు అసలు ముచ్చట చెప్పి నవ్వాడట. ఆ గుంపు మా బావదే. తన మందలో తుమ్ముతున్నవాటిని విడదీసి గుట్టుగా వాడికి అప్పగించాడు. బావ గొర్రెలకు ఎడమ చెవి కొసన గాటు గుర్తు ఉండేది, అది కనబడకుండా వాడు కొసలు కోసేశాడు. మా ఆయన సంఘంలో ఈ మాట ఎత్తితే బావ కాదనలేదు. “అంగట్ల అమ్మిన సొమ్ము, ఎవలు కొంటరో నాకేమెర్క?” అన్నాడు. నీ గొర్లు నీ ఊరికే తిరిగొచ్చినయంటూ హోటల్ కాడ అది కొన్నాళ్లు నవ్వులాటగా నడిచింది, బావ తెలివిగలవాడన్న పేరు ఇంకా పెరిగింది. నేను హుజూర్‌నగర్ దాకా పోయి వదినకు చెప్పాను. మిరప చేనులో ఆమె నడుము ఎత్తి, “గందుకేనా చెవులు గట్ల తెగినయి. ఎంత నొచ్చెనో,” అంది.

ఇప్పుడు బావ లేడు, సంఘం పెద్ద ఆయన కొడుకు. మా ఆయనా లేడు కాబట్టి ఓటు నాకొచ్చింది. ఈసారి నవ్వేవాళ్లు లేరని, మాఫీ వైపు వాళ్లకూ జరిమానా వైపు వాళ్లకూ వరసగా ఫోన్లు చేసి, ఇద్దరూ ఒక్క మాట మీదికి రండని బతిమాలాను. పాపం, విన్నారు. మాఫీ వాళ్లు కొందరు జరిమానా వైపు మారారు, జరిమానా వాళ్లు కొందరు మాఫీ వైపు మారారు. ఓటు మళ్లీ రెండుగా చీలింది. ఈ పొద్దున టీ గ్లాసులు కడిగి వచ్చేసరికి గడువు అయిపోయి, ‘వద్దు’ గెలిచి, కింద నవ్వు బొమ్మలు వరసకట్టాయి.

ఆ పాత రోజులు మంచివని నేననను. కానీ ఆనాడు వెలి కోరిన ప్రతివాడూ లేచి నడవాలి, నడుము వంచాలి, గొంగడి పక్కన కూర్చున్న వదిన ఎదుటే కట్టె పెట్టాలి. ఒకరిద్దరు తల తిప్పుకోవడం నేను చూశాను. ఇప్పుడు తల తిప్పుకోవలసిన పని కూడా లేదు, వేలు చాలు.

వదినకు ఫోను లేదు. మా వాకిట్లో మేకల తాళ్లు విప్పుతూ, “తోలుకపోనా పిల్లా, ఎండెక్కుతాంది,” అని అడుగుతోంది.