రత్నం సాక్ష్యం

చుండూరు పక్క పల్లెలో రత్నాన్ని మెచ్చుకోనివాళ్లు లేరు. మెచ్చుకోవడానికి ఖర్చేముంది కనక. మొగుడు సుందరయ్య పొన్నూరు రైస్‌మిల్లులో పేర్చిన బస్తాలు కూలి మీదపడి పోయాడు. ఏడాది తిరక్కుండానే తుపానుకు ఇంటి రేకులు ఎగిరిపోయాయి. అయినా మూడోరోజుకల్లా నాట్ల ముఠాని వెంటేసుకుని చేలోకి దిగింది. "అది గుండె కాదు, బండ" అన్నారు ఊళ్లోవాళ్లు. మొదట్లో ఆ మాటకి ఆమె కాస్త పొంగిపోయింది కూడా.

పాతికేళ్లు బురదలో నిలబడేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. ఇక నీళ్లలో దిగితే మంచాన పడతావని తెనాలి డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే బాపట్లలో చర్చివాళ్ల హాస్టలుకి వంటమనిషి కావాలని కబురొచ్చింది. నెల జీతం, ఉండటానికి గది, కాళ్లకింద పొడి నేల. మనిషిని ఎంచేది ఊరి చర్చి సంఘమే. రత్నం అందరికంటే ముందు పేరిచ్చింది. ఊళ్లో ఏ పెళ్లయినా గాడిపొయ్యి దగ్గరుండేది ఆమే. ఈ పని దొరక్కపోతే తన గతేమిటో ఆమెకి బాగా తెలుసు.

ఆ ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం వార్షికోత్సవం. రత్నాన్ని సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యానికో పద్ధతుంది. ముందు కష్టాలన్నీ చెప్పి, చివర్లో దేవుడి దయవల్ల ఏ లోటూ లేదని ముగించాలి. లోటుందంటే దేవుణ్ణి తప్పుపట్టినట్టే. మోకాళ్లు సలుపుతున్నా రత్నం నిటారుగా నిలబడి పద్ధతి ప్రకారమే చెప్పింది.

"ఇన్ని దెబ్బలు తగిలినా నాకే లోటూ లేదండి. కాళ్లూ చేతులూ బాగున్నయ్."

అందరూ స్తోత్రమన్నారు. తర్వాత లేచిన సుజన, మొగుడొదిలేసిన పిల్ల, రెండు ముక్కలు చెప్పేలోపే భోరుమంది.

బుధవారానికి పని సుజనకిచ్చేశారు.

రత్నం సంఘపెద్ద వినయ్ కుమార్ మాస్టారి ఇంటికి పోయింది. "ఏంటి మాస్టారూ, ముందు పేరిచ్చింది నేను కదండీ?"

"ఇచ్చావమ్మా. కానీ ఏ లోటూ లేదని నువ్వే చెప్పావుగా. ఆ పిల్ల తట్టుకోలేదు. నువ్వు తట్టుకుంటావు."

"సాక్ష్యంలో అట్టాగే చెప్పాలి కదండీ."

"అంటే దేవుడి ముందు అబద్ధం చెప్పావా?"

రత్నం ఇంటిదారి పట్టింది. సుజన మీద కోపం రాలేదు, ఆ పిల్లకీ దిక్కులేదు. కోపమంతా తన మీదే వచ్చింది. పడ్డ ప్రతిసారీ లేవడం నేర్చుకుందిగానీ, నొప్పి అని చెప్పడం నేర్చుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసొచ్చింది.

మరుసటి ఆదివారం ఎవరూ అడక్కుండానే లేచింది.

"పోయినవారం నేను అబద్ధం చెప్పానండి. నాకు లోటుంది. మోకాళ్లు పోయినయ్. సుజన కడుపు కొట్టమనట్లేదు, నాకూ ఏదోటి చూడండి. నేనింక తట్టుకోలేను."

పాస్టరయ్యగారు తల దించుకున్నారు. కాసేపటికి వెనక వరసలోంచి ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రమన్నారు. ఆ వెంటే అందరూ అన్నారు. పాట మొదలైంది.

బయట చెప్పులేసుకుంటుంటే వినయ్ కుమార్ మాస్టారు దగ్గరికొచ్చాడు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి.

"ఇంతమందిలో తప్పు ఒప్పుకోడానికి ఎంత ధైర్యం కావాలమ్మా! నీలాంటి మనిషి ఎక్కడైనా బతికేస్తుంది" అన్నాడు.

సోమవారం పొద్దున్నే నాట్ల ముఠా ఆటో వచ్చింది. రత్నం మోకాళ్లకి గుడ్డ బిగించుకుని ఎక్కింది.