ఎద్దు కథ, ద ఒత్తు పాఠం

నంద్యాలలో ట్రైనింగు పూర్తయ్యాక నాకు మొదటి ఉద్యోగం ఆళ్ళగడ్డలో వచ్చింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా నాన్నకు నంద్యాల బజారులో బట్టల అంగడి ఉండేది. ఆడపిల్ల ఉద్యోగానికి పోవడం ఆయనకు అంతగా నచ్చలేదు. అయితే మా అక్క అత్తవారిల్లు ఆళ్ళగడ్డే కావడంతో కాదనలేకపోయాడు. అక్క వాళ్ళింట్లోనే ఉంటూ బడికి నడిచి పోయేదాన్ని.

బడి అంటే బండలు పరిచిన ఒక పొడుగాటి మిద్దె. ఒక కొసన హెడ్ మాస్టరుగారు పెద్ద తరగతులు చెప్పేవారు. రెండో కొసన ఒకటీ రెండూ తరగతులు నావి. మధ్యలో గోడ లేదు. ఆయన అటువైపు ఎక్కాలు చెప్పిస్తుంటే ఇటువైపు మా పిల్లలు కూడా అందుకునేవారు.

నేను చేరేనాటికే రెండో తరగతి పిల్లలు తెలుగు వాచకం గడగడా చదివేవారు. ఒకరు ముందు అంటే మిగతావాళ్ళు వెనక అనేవారు. వినడానికి బాగానే ఉండేది. ఒకరోజు ముందు వరసలోని ఒక పాప చదువుతుంటే దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆ పాప చూపు కిటికీలోంచి బయట పోతున్న గొర్రెల మీద ఉంది. పాఠం మాత్రం ఆగలేదు. పుస్తకం వైపు చూస్తే తెరిచిన పేజీ వేరు, నోటి నుంచి వస్తున్న పాఠం వేరు. సరైన పేజీ తిప్పి, మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది?" అన్నాను. ఆ పాప పాఠం మొదటికి పోయి, ఒక్కొక్క మాట అంటూ, వేలు జరుపుకుంటూ నా వేలి దాకా వచ్చి ఆగింది. అప్పుడు ఆ మాట చెప్పింది. మిగతావాళ్ళనూ అడిగి చూశాను. ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చదవడం రాదు. అప్పటిదాకా అయిన పాఠాలన్నీ నోటికొచ్చు, అంతే.

నాకు చదువు వచ్చిన తీరు వేరు. మా జేజికి, అంటే నాన్న వాళ్ళమ్మకు, కళ్ళు కనిపించేవి కావు. మధ్యాహ్నం అంగడిలో బేరాలు లేని వేళ నాన్న ఇంటికొచ్చి ఆమెకు కథలు చదివి వినిపించేవాడు. నేను ఆయన మోకాలికి ఆనుకుని పుస్తకంలోకి చూస్తుండేదాన్ని. ఆ నల్లటి వరసల్లో ఏదో జరుగుతోందని ముందు తెలిసింది. అక్షరాలు తర్వాత వచ్చాయి. ట్రైనింగులో నల్లబల్ల మీద ఎట్లా రాయాలో, పిల్లలను ఎట్లా కూర్చోబెట్టాలో నేర్పారు గాని ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి సెలవుకు నంద్యాల పోయినప్పుడు బస్టాండు దగ్గర ఒక పిల్లల కథల పుస్తకం కొన్నాను. గాలివానలో ఇంటి దారి తప్పిన ఎద్దు కథ అందులో అన్నిటికన్నా పెద్దది. పుస్తకం తీసుకుపోయి హెడ్ మాస్టరుగారికి చూపించాను.

"కథలకు టైము యాడుందమ్మా? వాచకం ఇంకా సగం కూడా కాల్యా," అన్నారాయన.

"మధ్యాహ్నం అన్నానికి పోయిన పిల్లలు అందరూ ఒకేసారి రారు కదండీ. హాజరు పిలిచే లోపల చదువుతాను."

ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చారు. "హాజరు పిలిచినాంక మళ్ళ కథ అనద్దు. అంతే."

మరుసటి రోజు నుంచే మొదలుపెట్టాను. గొంతు పెంచితే అటువైపు తరగతికి ఇబ్బంది. అందుకని పిల్లలే దగ్గరగా జరిగి కూర్చునేవారు. పుస్తకం వాళ్ళకు కనిపించేలా పట్టుకుని, చదివే వరస కింద వేలు జరుపుతూ చదివేదాన్ని. ఎద్దు కాలువ గట్టు ఎక్కి, దూరంగా మువ్వల చప్పుడు విని తల ఎత్తింది. అక్కడ ఆపేశాను.

"ఆ మువ్వలు ఎవరివి టీచరమ్మా?" అని అడిగారు.

"రేపు," అన్నాను.

హాజరు పిలిచాక, వాచకం తీసే ముందు, నల్లబల్ల మీద 'ఎద్దు' అని రాశాను. ద కింద ద ఒత్తు చూపించి, అట్లాంటి మాటలు చెప్పమన్నాను. ముద్ద అన్నారు, మిద్దె అన్నారు, గద్ద అన్నారు. ఒక పాప సద్ద రొట్టె అంది. అవన్నీ రాసి, ఒత్తును మాత్రం ఎర్ర సుద్దతో దిద్దాను. పాఠం అంతే. రోజుకు ఒక్క సంగతి. ఆ తర్వాత ఎప్పటిలాగే వాచకం తీసేవాళ్ళం. అయితే కోరస్‌గా చదవడం మానిపించి, ఒక్కొక్కరి చేత ఒక్కొక్క వాక్యం చదివించేదాన్ని.

మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చే పిల్లలు తొందరగా రావడం మొదలుపెట్టారు. కొందరు మూతి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చేవారు. హెడ్ మాస్టరుగారు అది గమనించారు.

చదువు మాత్రం చూసేవాళ్ళకు పాడైనట్టే ఉండేది. గడగడా చదివిన పిల్లలే ఇప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగి, కూడబలుక్కుని, తప్పు చదివి, మళ్ళీ దిద్దుకునేవారు. ఇది మంచికేనని నాకు తెలుసు. ఇళ్ళలో తెలియదు గదా.

ముందు వరస పాప తండ్రి ఒకరోజు బడికి వచ్చాడు. ఆ చుట్టుపక్కల బాగా పత్తి చేలున్న రైతు. చెప్పులు గడప బయట విడిచి, నేరుగా మా కొసకు వచ్చాడు.

"టీచరమ్మా, మా పాపకు ఏం చేసినావు?" అన్నాడు.

"ఏమైందప్పా?"

"మొన్నటిదాకా పాఠమంతా గుక్క తిప్పుకోకుండా చదివేది. ఇప్పుడు ఒగ వాక్యానికి మూడు తూర్లు ఆగుతాండాది. కథలు చెప్తాండావంట. కథలు మా ఇంట్లో ముసలోళ్ళు చెప్పరా? దానికి బడి యాలా?"

అటువైపు ఎక్కాలు ఆగిపోయాయి. హెడ్ మాస్టరుగారు కుర్చీలోంచి లేవలేదు గాని ఇటే చూస్తున్నారు.

"ఇప్పుడే చదవడం నేర్చుకుంటోంది. అందుకే ఆగుతోంది," అన్నాను.

"ఇదా నేర్చుకునేది?" అని పాప చేతిలోంచి వాచకం తీసుకున్నాడు. "చదవడమంటే ఎట్లుండల్లో నేను చూపిస్తా చూడు." ఏదో పేజీ తెరిచి, వేలు వరసల మీద నడిపిస్తూ గట్టిగా అందుకున్నాడు. ఇంతకుముందు పిల్లలు పాడినట్టు చదివిన పాఠమే. రోజూ సాయంత్రం కూతురు అరుగు మీద వల్లె వేస్తుంటే విని ఉంటాడు. ఒక్క మాట తప్పు పోలేదు.

పాప పక్కన నిలబడి పేజీలోకి చూసింది.

"నాయనా, ఆడ అది లేదు," అంది. "ఆడ ఉండేది వేరే. వా...న. వాన వ...చ్చిం...ది. వాన వచ్చింది."

ఆయన వేలు ఆగిపోయింది. కాసేపు ఆ పేజీని అట్లాగే చూశాడు. పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్ళకు అందులో నవ్వాల్సింది కనిపించలేదేమో. ఆయన పుస్తకం మూసి కూతురి చేతికిచ్చి, చెప్పులేసుకుని పోయాడు.

మరుసటి రోజు పాప బడికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పిలిపించమంటారా అని హెడ్ మాస్టరుగారిని అడిగితే, "పోయి అడిగితే ఇంకా బిగుసుకుంటాడు. ఉండు," అన్నారు. కథ మాత్రం ఆపమని అనలేదు.

ఆ వారం సంత అయిన మరునాడు పాప వచ్చి, ఏమీ జరగనట్టు తన చోట కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే పత్తి తీతకు మనుషులు దొరకలేదంది. అది నిజమే కావచ్చు. మధ్యాహ్నం కథ అయ్యాక నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, ఆ ఎద్దు పుస్తకం ఒగ రాత్రికి ఇస్తావా?" అంది.

"ఎందుకు?"

"నాయన అడగమన్నాడు. ఎద్దు ఇల్లు చేరిందా లేదా అని ఆయప్పకు తెలియల్లంట."

ఇచ్చాను. పుస్తకం మరునాడే తిరిగి రాలేదు. అడిగితే పాప విసుగ్గా చెప్పింది: "నీ మాదిరి కొంచెం కొంచెం చదివి ఆపుతాండా. నాయన తిడతాండాడు, ఇంకా చదువు, చదువు అని."

ఆయన పక్కన కూర్చుని పేజీలోకి చూశాడో, ఊరికే విన్నాడో నాకు తెలియదు. అడగలేదు. తర్వాత బజారులో ఎదురైతే తల ఊపి పోయేవాడు. చదువు గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. పాపను మాత్రం ఆ బడిలో ఆఖరి తరగతి దాకా చదివించాడు. ఆ ఇంటి ఆడపిల్లల్లో అంతదాకా చదివింది ఆమే.

ఒక ఎండాకాలం, ఇంకా సెలవులు ఇవ్వకముందే, నాకు కామెర్లు వచ్చి నంద్యాలలో ఉండిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి పిల్లలు ఫిర్యాదులతో కాచుకుని ఉన్నారు. నేను లేనప్పుడు హెడ్ మాస్టరుగారే కథలు చదివారట. ఎక్కడా ఆపకుండా, హాజరు పిలిచినట్టు చదివి, పుస్తకమంతా ముగించేశారట.

"రేపటికి ఏమీ మిగలకుండా చేసినారు," అని ఒక పాప దాదాపు ఏడ్చింది.

ఆయనతో అంటే, "ఆపితే వాళ్ళు గలాటా చేస్తాండారమ్మా," అన్నారు.

ఆ దశాబ్దం ముగిసేలోపు నన్ను నంద్యాలకు బదిలీ చేశారు. అక్కడ తరగతి గది ఇరుకు, పిల్లలు ఎక్కువ. మధ్యాహ్నం ఆ గది వేరేవాళ్ళది. కథను పొద్దున ప్రార్థన అయిన వెంటనే, పిల్లలు పలకలు తీసుకునే లోపలికి మార్చాను. ఒక పేజీ చదివేసరికి గంట కొట్టేవారు. కొన్ని రోజులు కథ కుదిరితే నల్లబల్ల మీది ఒత్తు పాఠం కుదిరేది కాదు. అట్లాంటప్పుడు కథే చదివేదాన్ని.