రాగి బానలో చోటు

పెళ్ళిలో ఎవరో పన్నీరు చల్లితే సౌదీలోని తాయిఫ్ గుర్తొచ్చింది. అక్కడ గులాబీలు కాచి పన్నీరు తీసే కార్ఖానాలో నాయన పెద్ద రాగి బానలకు కళాయి పూసేవాడు. "మూత సరిగ్గా కూర్చుంటే ఆవిరి రవ్వంత గూడా బయటికి పోదు" అనేవాడు.

గల్ఫ్ యుద్ధం మొదలయ్యాక, విషవాయువు వస్తుందేమోనని ఇంట్లో కిటికీలకు టేపులు అంటించారు. ఒకరోజు నాయన వెంట కార్ఖానాకు వెళ్ళి, ఖాళీ బానలోకి దిగి కూర్చున్నాను.

నాయన తొంగిచూశాడు. "ఆడేం చేస్తాండావు మ్మా?"

"దీంట్లోకి విషపు గాలి రాదు గదా. నువ్వూ రా నాయనా."

ఆయన నవ్వలేదు. లోపలికి దిగి, మోకాళ్ళు ముడుచుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మీ అమ్మకు గూడా చోటుందా?"

"ఉంది" అంటూ జరిగాను.

అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. ఆయనకూ భయమేసి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.