జూలైలో మా ఇర్యా అక్క

మా ఇర్యా అక్క యాభై నాలుగో ఏట ఇంటర్న్ అయింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు మా తుర్కు నగరంలోని ఓడల కార్ఖానా క్యాంటీన్లో బఠాణీ సూపు వడ్డించింది. క్యాంటీన్ మూతపడ్డాక, ఆరు నెలలు పని నేర్చుకొమ్మని వలస వచ్చినవాళ్ళకు సలహాలు చెప్పే నగరపాలక ఆఫీసుకు పంపారు.

నంబరు చీటీ ఇవ్వడం, ఫారాలు అందించడం, కాఫీ కాచడం, పక్కన నిలబడి వినడం. అంతే ఆమె పని. ఇంటర్న్‌కి కంప్యూటర్ పాస్‌వర్డ్ ఇవ్వరు. వచ్చినవాళ్ళ వివరాలు కాగితం మీద రాసుకోకూడదు. అయినా జనం ముందు అక్క దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఎవరి పిల్లకు పన్ను ఊడిందో కూడా ఆమెకు గుర్తుండేది.

జూలై వచ్చింది. సలహాదారు కైసు అందరిలాగే నెల్లాళ్ళ సెలవుకు దీవిలోని తన వేసవి ఇంటికి బయల్దేరింది.

"ఎవరైనా వస్తే ఏం చెప్పను?" అంది అక్క.

"ఆగస్టు మూడున రమ్మను. జూలైలో ఎవరు ఏం తేలుస్తారు ఇర్యా, నీకు తెలీనిదా?"

తెలియకేం? కార్ఖానాలో క్రేన్లు కూడా జూలైలో కదిలేవి కావు.

తొమ్మిదో తేదీన హబ్తోమ్ వచ్చాడు. ఎరిత్రియా మనిషి, స్టాక్‌హోమ్ వెళ్ళే ఓడలో గదులు శుభ్రం చేస్తాడు. కూతురు లువామ్ కంపాలాలో ఎవరింట్లోనో ఉంటోంది. ఆమెను తన దగ్గరికి తెచ్చుకోవాలంటే పద్దెనిమిది నిండకముందే దరఖాస్తు చేరాలి. ఇరవై ఎనిమిదిన నిండుతాయి. సగం నింపిన ఫారం బల్లమీద పెట్టి ఇదంతా చెప్పాడు.

"ఆగస్టు అంటే ఆలస్యం కాదా అమ్మా?"

"జూలైలో మా ఊళ్ళో గడియారాలు కూడా సెలవు పెడతాయయ్యా. బెంగపడకు. మూడో తేదీ పొద్దున్నే రా, మొదటి నంబరు నీకే."

అక్క అబద్ధం చెప్పలేదు. ఆఫీసు మూసి ఉన్నప్పుడు గడువు కూడా ఆగుతుందని మనసారా నమ్మింది.

ఇరవై ఏడు మాకు నిద్రమొద్దుల రోజు. ఇంట్లో ఆఖరున లేచినవాళ్ళ నెత్తిన నీళ్ళు పోస్తారు. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్న అక్క మీద మా అమ్మాయిలిద్దరూ చెంబుడు నీళ్ళు కుమ్మరించారు.

"మొద్దు పెద్దమ్మా! నువ్వే ఆఖరు!"

"ఓసి దెయ్యాల్లారా, మీ అమ్మ గురక పెడుతుంటే కనబడలేదా?" అని నవ్వుతూ లేచిన అక్క, నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఇవాళ ఇరవై ఏడా?"

వెంటనే కైసుకు ఫోన్ చేసింది. కైసు చేపల వల తీయడానికి సముద్రం మీదికి వెళ్ళింది. మధ్యాహ్నానికి గాని ఫోన్ ఎత్తలేదు.

"కైసూ, జూలైలో గడువు ఆగుతుంది కదా?" అని, అక్క సంగతంతా చెప్పింది.

"సెలవు మనకు ఇర్యా, గడువుకు కాదు. ఇవాళ అర్ధరాత్రిలోపు అతనే తన ఫోన్లోంచి దరఖాస్తు పంపినా చాలు. మిగతా కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. అతని నంబరుందా?"

"కంప్యూటర్లో ఉంది."

"అది ఆఫీసుకొచ్చి నేనే తెరవాలి. ఇక్కణ్ణుంచి పడవ రేపటిదాకా లేదు. ఎక్కడా రాసుకోలేదా?"

"రాసుకోవద్దన్నది నువ్వే కదే."

అక్క తడి జుట్టు ముడేసుకుని రేవుకు పరుగెత్తింది. నేనూ వెంట వెళ్ళాను. ఓడ కంపెనీ కిటికీలో కుర్రగుమాస్తా తల ఎత్తలేదు.

"మా పనివాళ్ళ వివరాలు ఇవ్వం. అతనికి మీరేమవుతారు?"

"ఇంటర్న్‌ని."

"అదేం చుట్టరికం? ఆఫీసు నుంచి ఉత్తరం తెండి, ఓడకు కబురు పంపుతాం."

"ఆఫీసు సెలవులో ఉంది బాబూ."

"మరి మీరూ సెలవు తీసుకోండి."

పనివాళ్ళు వచ్చే గేటు దగ్గర సాయంత్రందాకా నిలబడి, కనబడినవాళ్ళందరినీ అడిగింది. ఒకామె మాత్రం చెప్పింది. "హబ్తోమా? పొద్దుటి ఓడలో వెళ్ళాడుగా. రేపు వస్తాడు. ఫోన్ నంబరు నాకు తెలీదు." అక్క రెండు చేతులతో ఆ గేటు కమ్మీ పట్టుకుని, వెలుతురు ఇంకా తగ్గని నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆగస్టు మూడో తేదీన హబ్తోమ్ అందరికంటే ముందు వచ్చాడు. అక్క మొదటి నంబరు చీటీ ఇచ్చింది. కైసు ఫారం చూసి, గడువు దాటిపోయిందని మెల్లగా చెప్పింది. అతను అక్క వైపు తిరిగాడు.

"మీరు చెప్పిన రోజుకే వచ్చాను కదమ్మా?"

నిష్ఠూరం కాదది. పొరపాటు తనదేమోనని నిజంగానే అడిగాడు.

అప్పీళ్ళు రెండేళ్ళు నడిచి కొట్టుడుపోయాయి. ప్రతిసారీ అక్క తోడు వెళ్ళింది, బయట బెంచీ మీద కూర్చుంది. ఇంటర్న్‌గిరీ అప్పటికే అయిపోయింది. చక్కగా పనిచేసిందని ఒక పత్రం ఇచ్చారు. సంతలో ఎదురైతే హబ్తోమ్ ఆమె సంచీ అందుకుని, ఇంటిదాకా మోసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగేవాడు. అలా అతను మోసిన రోజున అక్క కొన్న చేపలు సంచీలోనే వదిలేసి వంటింట్లో కూర్చునేది.

"ఒక్కసారి తిట్టొచ్చు కదే అతను," అనేది నాతో.

పోయిన చలికాలం అక్క పోయింది. శవపేటిక దగ్గర ఒక్కొక్కరూ పువ్వులు పెట్టి, మా ఆచారం ప్రకారం పువ్వులకు కట్టిన చీటీలోని వీడ్కోలు మాటలూ, పువ్వులు ఎవరి తరఫునో ఆ పేర్లూ పైకి చదువుతున్నారు. హబ్తోమ్ తన వంతు రాగానే తెల్ల పువ్వులు పెట్టి, రెండు పేర్లే చదివాడు. తనదీ, లువామ్‌దీ.

లువామ్ ఇప్పటికీ కంపాలాలోనే ఉంది.